పెద్ద అద్దం, చిన్న గొంతు

మార్చి పదో తేదీ ఆదివారం వాచీల మేస్త్రి ఉడికించిన గుడ్లు రెండు, అరటిపండు ఒకటి, పెద్ద పురుగు ఒకటి తిన్నాడు. మొదటి మూడూ ఇంట్లో తీరిగ్గా కూర్చుని తిన్నవి. పురుగు మాత్రం హైవే మీద, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో, వెనక కూర్చున్న బావకి "ఆఁ, అలాగే బావా" అని జవాబు చెబుతుండగా పిలవని పేరంటంలా నోట్లోకి వచ్చింది.

బావంటే పోయిన భార్యకి అన్న. ముప్పై రెండేళ్లు లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ గుసగుసలాడీ ఆడీ ఆయన గొంతు అలాగే ఉండిపోయింది. ఇల్లు తగలబడుతున్నా పక్కవాడి చెవిలోనే చెబుతాడు. రెండేళ్లుగా నెలకో ఆదివారం ఇద్దరూ మోటార్‌సైకిలెక్కి ఏదో ఒక ఊరు చూసి వస్తున్నారు. దారి పొడుగునా బావ చెబుతూనే ఉంటాడు, గాలి హోరులో మేస్త్రికి ఒక్క ముక్క వినపడదు. పెద్దవాణ్ని పదే పదే అడగడం బాగుండదని, భుజం మీద తట్టినప్పుడల్లా "అలాగే బావా" అనేస్తాడు.

పురుగు కడుపులో పడ్డాక ఇక లాభం లేదనుకుని, బండి సామాన్ల కొట్టుకి వెళ్లి పెద్ద అద్దం కావాలన్నాడు. కొట్టతను వెనక వచ్చే లారీలు కనపడే గుండ్రటి అద్దాలు ఆరు జతలు పరిచాడు. మొహం చూసుకునేది కాదయ్యా, మొహం మీద గాలి ఆపేది అని చేతులతో చూపించాక, లోపల్నుంచి తలుపంత అద్దం తెచ్చి బిగించాడు.

హైవే ఎక్కేసరికి కథ అడ్డం తిరిగింది. గాలి ఆ అద్దం మీదుగా ఎగిరొచ్చి సరిగ్గా ఇద్దరి నెత్తిమీదే పడింది. మేస్త్రి తల కీ ఇచ్చిన బొమ్మలా ఊగింది. ఆ ఊపుని ఒప్పుకోలనుకుని బావ మరింత హుషారుగా చెప్పుకుపోయాడు.

చివరికి ఒక మెకానిక్ మేస్త్రిని సీటు మీద కూర్చోబెట్టి, ముక్కు ఎత్తుకి పెన్సిల్ గీత గీసి, అద్దాన్ని అంత మేరకు కోశాడు. అద్దమని పేరే గానీ అది ప్లాస్టిక్కే. అడుగున రెండు వేళ్లంత సందు వదిలి బిగించాడు. గాలికి కాస్త దారిస్తే గొడవ చెయ్యదని ఆయన లెక్క.

తర్వాతి ప్రయాణంలో హోరు చెంపల పక్కనుంచి మెల్లగా జారిపోయింది. వాచీ మూత తీయగానే లోపలి టిక్కుటిక్కు వినపడినట్టు, వెనకనుంచి బావ గొంతు సన్నగా, స్పష్టంగా వినపడింది.

"మీసం ఎల్లుండి తీయించుకుంటే చాలు. పిల్లల నాటకంలో ఎలుగుబంటికి మీసమెందుకని నువ్వే ఒప్పుకున్నావుగా. నేనంటావా, రేపు పెట్టెలతో వచ్చేస్తున్నా. మీ వెనక గది నాకిస్తానన్న రోజునుంచీ కంటినిండా నిద్రపడుతోంది బావా. ఇంటాయనకి చెప్పేశాను, నా గదిలోకి వేరేవాళ్లు దిగుతున్నారు." భుజం మీద తట్టాడు.

మేస్త్రి బండి పక్కకి తీసి ఆపాడు. ఎలుగుబంటి. మీసం. వెనక గది. ఇన్నాళ్లూ నాకేమీ వినపడలేదు బావా అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఈసారి అడ్డం రావడానికి పురుగు కూడా లేదు. బావ హెల్మెట్ తీసి, కళ్లజోడు తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"మా చెల్లెలుంటే సరేననేదంటావా?"

ఆ గదిలో రెండేళ్లుగా ఆగిపోయిన గోడగడియారాలు తప్ప ఎవరూ లేరు.

"నన్నడక్కుండానే సరేననేది," అన్నాడు మేస్త్రి. "అది సరేగానీ, ఎలుగుబంటి ఊరికే కూర్చుంటే సరిపోతుందా?"

"పాట పాడాలి. అదీ ఒప్పుకున్నావు."

సోమవారం పదకొండు పెట్టెలు దిగాయి. పదింటిలో పుస్తకాలు. పదకొండోదాంట్లో బావ బట్టలు, వాటిమీద ఎలుగుబంటి తల. రాత్రి పడుకోబోయే ముందు మేస్త్రి దాన్ని పెట్టుకుని చూశాడు. హెల్మెటే నయమనిపించింది. వెనక గది గుమ్మంలో నిలబడి బావ పెదాలు కదిపాడు. అలవాటుగా అనబోయిన మాట మింగేసి, మేస్త్రి ఎలుగుబంటి తల తీసి పక్కన పెట్టాడు.

"మళ్లీ చెప్పు బావా."

"పొద్దున గుడ్లు నేను ఉడికిస్తానంటున్నా."

"అలాగే బావా."

చదువుకునేవాళ్లెవరో ఇంకా లోపలున్నట్టు, గడియ చప్పుడు కాకుండా, బావ తలుపు వేసుకున్నాడు.