మురికి బాతు గొడవ

ఆ పబ్బు అసలు పేరు బ్లాక్ స్వాన్. గుమ్మం మీది బోర్డులో నల్లహంస బొమ్మ కూడా ఉండేది. కానీ ఇంగ్లండులోని అక్రింగ్టన్‌లో పీల్ వీధి చుట్టుపక్కల ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరికీ అది మురికి బాతు. మూతపడి ఎనిమిదేళ్ళయింది. కిటికీలకు ప్లైవుడ్ చెక్కలు కొట్టేశారు. పైకప్పులో పావురాలు కాపురం పెట్టాయి. అయినా దారి అడిగినవాళ్ళకు ఇప్పటికీ "బాతు దగ్గర ఎడమకి తిరుగు" అనే చెప్పేవాళ్ళు.

ఐలీన్ ప్రాక్టర్ దానికి ఎదురింట్లోనే ఉంటుంది. భర్త డెరెక్‌తో కలిసి ఆ పబ్బును ఇరవై ఆరేళ్ళు నడిపిన మనిషి. డెరెక్ పోయాక తాళాలు పబ్బు సొంతదారులైన బీరు కంపెనీవాళ్ళ చేతిలో పెట్టి, రోడ్డు దాటి ఇక్కడ అద్దెకు దిగింది. "ఇంతకంటే దూరం పోలేకపోయావా?" అని ఎవరైనా అడిగితే, "సోఫా మోసే మనుషులు దొరకలేదు" అనేది.

ఆ ఏడాది శీతాకాలంలో ఒక గృహనిర్మాణ కంపెనీ పబ్బును కొన్నది. కూలగొట్టి, ముసలివాళ్ళ కోసం లిఫ్టుతో సహా ఫ్లాట్లు కడతామని గోడకు నోటీసు అంటించింది. వారం తిరక్కుండానే ఆ నోటీసు పక్కన ఇంకొకటి వెలిసింది. "బాతు బతకాలి" అని పెద్ద పసుపురంగు అక్షరాలు. అది అంటించింది ఐలీన్ కూతురు జానిస్.

జానిస్‌కు నలభై నాలుగేళ్ళు. రెండు వీధుల అవతల ఆడవాళ్ళ సెలూన్ నడుపుతుంది. ఈ పనిలో ఆమెకు తోడు హ్యూ పెంబర్టన్ అనే రిటైరైన జాగ్రఫీ మాస్టారు. ఊరి కౌన్సిల్ కూల్చడానికి అనుమతి ఇవ్వకపోతే, ఊళ్ళోవాళ్ళందరూ తలా కొంత వేసుకుని కంపెనీ దగ్గర పబ్బును కొని, బాగుచేసి, అందరి ఆస్తిగా నడుపుకోవాలన్నది వాళ్ళ ఆలోచన. జానిస్ అడగకుండానే తల్లి ఇంటి కిటికీకి కూడా ఒక పోస్టరు అతికించిపోయింది. ఐలీన్ దాన్ని చూసింది, ఏమీ అనలేదు, తీసెయ్యనూ లేదు.

ఆమె దగ్గర ఈ విషయం మాట్లాడేది షబానా ఒక్కతే. పబ్బుకూ షబానా ఇంటికీ ఒకటే గోడ. మందుల షాపులో పని ముగించుకుని వచ్చేటప్పుడు రోజూ ఐలీన్ గుమ్మం దగ్గర ఆగుతుంది.

"వాల్‌పేపర్ మళ్ళీ ఊడొచ్చేసింది ఐలీన్ ఆంటీ. చెయ్యి పెడితే గోడ తడిగుడ్డలా ఉంటోంది. మా చిన్నాడికి దగ్గు తగ్గట్లేదు."

"జానిస్‌కి చెప్పావా?"

"చెప్పాను. పబ్బు బాగుచేస్తే గోడా బాగవుతుంది అంది. ఎప్పుడు చేస్తారు? ఆ హ్యూ గారు ఇంకా జెండాలు కుట్టించే పనిలోనే ఉన్నారు."

ఐలీన్ నవ్వింది గానీ, కూతురి మీద ఒక్క మాట అనలేదు. జానిస్‌కు తండ్రంటే ప్రాణం. ఆ ముచ్చట తీరిపోతే అదే చల్లారుతుందిలే అనుకుంది.

ఫిబ్రవరిలో మెథడిస్టు చర్చి హాల్లో మీటింగు పెట్టారు. బీరు చుక్క లోపలికి రానివ్వని హాలది. పబ్బును కాపాడ్డానికి వచ్చినవాళ్ళంతా టీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. ఐలీన్ వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంది.

హ్యూ మాస్టారు పబ్బు చరిత్ర, డెరెక్ పాడిన పాటలతో సహా, చాలాసేపు చెప్పారు. తర్వాత ఒకాయన లేచి, "మా అమ్మ మూడో అంతస్తులో ఉంటోంది. కిందికి దిగి నెలలైంది. ఆమెకి మీ పబ్బు కాదు, లిఫ్టు కావాలి" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఈలలు వేశారు. షబానా లేచి గోడ సంగతి చెప్పబోతే, ముందు వరసలోంచి ఎవడో, "నువ్వు తాగవు కదమ్మా, పబ్బు గొడవ నీకెందుకు?" అన్నాడు.

"నేను తాగను. మీ పబ్బు మీద కురిసిన వానంతా మా గోడ తాగుతోంది" అంది షబానా.

హాలంతా నవ్వింది. అడిగినవాడు కూడా నవ్వాడు. నవ్వులు సద్దుమణిగాక హ్యూ మాస్టారు గొంతు సవరించుకుని, "ఇంకొక శుభవార్త. పబ్బు మన చేతికి రాగానే దాన్ని నడిపే బాధ్యత మన జానిస్ తీసుకుంటోంది. సెలూన్ వదిలేసి, పైన గదుల్లోనే కాపురం ఉంటానంటోంది. డెరెక్ కూతురు డెరెక్ కౌంటర్ వెనక!" అన్నారు.

చప్పట్లు మోగిపోయాయి. ఐలీన్‌కు ఆ మాట అప్పుడే తెలిసింది. ఆమె లేచి నిలబడింది.

హ్యూ మాస్టారి ముఖం వెలిగిపోయింది. "ఐలీన్ గారు! రండి, ముందుకు రండి. మీకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఎవరున్నారు?"

"ఇక్కణ్ణించే చెబుతాను" అంది ఐలీన్. "డెరెక్ పాటలు మీ అందరికీ గుర్తున్నాయి. బాగానే పాడేవాడు. డెరెక్ పైన పాడుతుంటే నేను కింద నేలమాళిగలో బీరు పీపాలు మారుస్తుండేదాన్ని. మీరు ఇళ్ళకి పోయాక మీ వాంతులు కడిగింది నేను. మగాళ్ళ మరుగుదొడ్లు కడిగింది నేను. ఇరవయ్యారేళ్ళలో ఒక్క క్రిస్మస్‌కి కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదు. నా నడుం ఆ మెట్లమీదే పోయింది. చివరి రెండేళ్ళు మీలో ఎంతమంది వచ్చారు? సూపర్‌మార్కెట్‌లో డబ్బాలు కొనుక్కుని టీవీల ముందు కూర్చున్నారు. ఖాళీ గదిలో నేనూ డెరెక్ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఉండేవాళ్ళం. ఇప్పుడు మీకు ప్రేమ పుట్టుకొచ్చిందా? నా పిల్లని మళ్ళీ అందులోకి తొయ్యకండి. కూల్చెయ్యండి దాన్ని."

హ్యూ మాస్టారు చేతిలో కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయారు. జానిస్ కోటు తీసుకుని బయటికి నడిచింది. ఐలీన్ వెనకాలే వెళ్ళింది. బయట సన్నగా జల్లు పడుతోంది.

"ఊరందరి ముందూ నాన్న పరువు తీశావు" అంది జానిస్.

"మీ నాన్న పరువు నేనెందుకు తీస్తానే? నా నడుం సంగతి చెప్పుకున్నాను."

"నాతో ముందు ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా నాతో, దాన్ని నడుపుతానని?"

జానిస్ తల తిప్పుకుంది. "చెబితే ఇలాగే అంటావని తెలుసు. అందుకే చెప్పలేదు" అని, గొడుగు కూడా తెరవకుండా వానలో వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి జానిస్ రాలేదు. ఐలీన్ మాంసం వేయించి, సగం తిని, మిగతాది హలాల్ కాదు గనక షబానావాళ్ళకు పెట్టలేక ఫ్రిజ్‌లో పెట్టుకుని మూడురోజులు తిన్నది. బ్రెడ్డు కొట్టు దగ్గర పబ్బు పాత ఖాతాదారులు కొందరు ఆమెను చూసి కిటికీలోని కేకులను పరీక్షగా చూడ్డం మొదలుపెట్టారు. కొందరు మాత్రం దగ్గరికి వచ్చి చెవిలో, "మంచిపని చేశావు" అన్నారు. ఆ రెండోరకం వాళ్ళను చూస్తేనే ఆమెకు ఎక్కువ ఒళ్ళు మండేది.

కంపెనీ ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, కౌన్సిల్ ముందు మా తరఫున మీరు నాలుగు మాటలు చెబితే బావుంటుంది. ఫ్లాట్లలో మీకు ముందుగా..."

"నా కూతురి మీద సాక్ష్యం చెప్పమంటావా? ఫోన్ పెట్టెయ్యమ్మా" అంది ఐలీన్. కిటికీకి పసుపురంగు పోస్టరు అప్పటికీ ఉంది.

కౌన్సిల్‌వాళ్ళు తేల్చే రోజు వచ్చింది. పొద్దున్నే సెలూన్ తలుపు తోసుకుని ఐలీన్ లోపలికి వెళ్ళేసరికి జానిస్ ఫోనులో ఎవరినో బతిమాలుతోంది. పనిచేసే అమ్మాయికి జ్వరం. కుర్చీల్లో అప్పటికే ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు.

"ఎందుకొచ్చావ్?" అంది జానిస్ ఫోన్ దించి.

"నువ్వు కౌన్సిల్‌కి వెళ్ళాలిగా. షాపు ఎవరు చూస్తారు?"

"కూల్చెయ్యమన్నది నువ్వే కదా."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ నువ్వు అనాల్సింది నువ్వు అనకుండా ఓడిపోతే, నేను చచ్చేదాకా నన్ను తిడతావు. వెళ్ళు."

జానిస్ ఫోన్ జేబులో పెట్టుకుంది. "కత్తెర మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోనులే. తలలు కడుగుతాను, టీ పోస్తాను."

అలాగే చేసింది. మధ్యాహ్నం దాకా తలలు కడిగింది. ఒకావిడ నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయని గోల పెట్టింది. ఇంకొకావిడ, "నీ చేతులు గట్టివి ఐలీన్, నా బుర్ర మొద్దుబారిపోయింది" అంది. పబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడానికి వాళ్ళు ఎంత కష్టపడుతున్నారో ఐలీన్‌కు తెలుస్తూనే ఉంది.

మూడు దాటాక జానిస్ వచ్చింది. కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"పోయింది. ఓట్ల తేడా పెద్దగా లేదు. కానీ పోయింది. తృప్తేనా?"

"లేదే" అంది ఐలీన్. నిజంగానే లేదు. తువాళ్ళు మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. "బాగా మాట్లాడావా?"

"మాట్లాడాను. హ్యూ మాస్టారు ఏడ్చేశారు." జానిస్ ముక్కు తుడుచుకుంది. "మీరంతా నేను నాన్న పాటల కోసం చేస్తున్నాననుకున్నారు. నాన్న సగం రోజులు గుర్రప్పందేల కొట్టులోనే ఉండేవాడు, నాకు తెలీదా? నాకు గుర్తున్నది నువ్వు. నా స్నేహితురాళ్ళంతా బడినుంచి ఖాళీ ఇంటికి పోయేవాళ్ళు, తాళంచెవి మెళ్ళో వేసుకుని. నేను తలుపు తోస్తే చాలు, కౌంటర్ వెనక నువ్వుండేదానివి. చిప్స్ పెట్టె మీద కూర్చుని హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని. నువ్వు గ్లాసులు తుడుస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేదానివి. ఎంత బావుండేదో!"

ఐలీన్ తువాళ్ళ దొంతర పక్కన పెట్టింది. ఆ పబ్బు తననుంచి కూతుర్ని లాగేసుకుందని, పిల్లకు ఒక్క సాయంత్రం కూడా ఇవ్వలేకపోయానని ఇన్నేళ్ళుగా లోపల కుమిలిపోతూ వచ్చింది. అదే పిల్ల, అమ్మ ఎప్పుడూ ఉండేదంటోంది.

"నాకు ఎక్కాలు రావు" అంది. "నువ్వేది చెబితే దానికి తలూపేదాన్ని."

జానిస్ ఏడుస్తూనే నవ్వింది. ఐలీన్ ఆమె కోటు విప్పి, తల తువాలుతో తుడిచింది.

ఏప్రిల్‌లో పబ్బును కూల్చారు. పని వారం కూడా పట్టలేదు. వీధి వీధంతా వచ్చి చూసింది. కొందరు గుర్తుగా తలో ఇటుక పట్టుకుపోయారు. నల్లహంస బోర్డును హ్యూ మాస్టారు అడిగి తీసుకున్నారు గానీ, వాళ్ళావిడ ఇంట్లోకి రానివ్వలేదట, గ్యారేజీలో పెట్టుకున్నారు. కంపెనీవాళ్ళు షబానా గోడకు కొత్త పూత వేశారు. వేసవికల్లా గోడ ఆరింది. పిల్లాడి దగ్గు కూడా తగ్గింది, పూర్తిగా కాదుగానీ.

ఆగస్టులో జానిస్ ఒక ఆదివారం భోజనానికి వచ్చి, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, "మూలమీద మూతపడ్డ మాంసం కొట్టు అద్దెకు తీసుకుంటున్నా" అంది. "చిన్న పబ్బు పెడుతున్నా. నాలుగు బల్లలు. నేలమాళిగ లేదు, పైన గదుల్లేవు. గురువారం నుంచి శనివారం దాకా, అంతే. తొమ్మిదింటికి మూత. సెలూన్ సెలూనే."

"నీకేమైనా పిచ్చా?" అంది ఐలీన్.

"ఉండొచ్చు. గ్రేవీ ఇలా అందించు."

ఐలీన్ గ్రేవీ అందించింది. బావుంది అనలేదు, వద్దు అనీ అనలేదు. భోజనమయ్యాక మాత్రం, "మరుగుదొడ్లు కడగడానికి మనిషిని పెట్టుకో. నువ్వు చెయ్యకు" అంది.

మొదటి గురువారం సాయంత్రం షబానాను వెంటబెట్టుకుని వెళ్ళింది. నాలుగు బల్లలూ నిండి ఉన్నాయి. హ్యూ మాస్టారు లేచి వాళ్ళకు చోటిచ్చారు. జానిస్ అరపింటు బీరు తెచ్చి తల్లి ముందు పెట్టింది. ఐలీన్ గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, నురగ ఎక్కువైందంది. అయినా తాగింది.

"నీకేం కావాలి షబానా?" అంది జానిస్.

"టీ ఉందా?"

"టీపొడి ఉంది..." జానిస్ ఫ్రిజ్ తెరిచి చూసి నాలుక కరుచుకుంది. "పాలు తేలేదు."

"అయ్యో, వద్దులే" అంది షబానా.

"వద్దంటావేంటి, వచ్చినమనిషికి టీ కూడా లేకుండానా?" ఐలీన్ అప్పటికే లేచి కోటు వేసుకుంటోంది. "పెద్ద సీసా తేవాలా, చిన్నదా?"

"పెద్దది" అంది జానిస్ కౌంటర్ వెనకనుంచి. "పంచదార కూడా."

పక్కవీధి కొట్టు ఇంకా తెరిచే ఉంది. ఐలీన్ మోకాళ్ళు నొప్పెడుతున్నాయని గొణుక్కుంటూ అటు నడిచింది.