తడి ఆరకముందే

మా ఆయన యుర్కో చర్చి గోడల మీద బొమ్మలు వేస్తాడు. ఇస్ట్రియా కొండల్లో ఆయన పేరు తెలియని పాదిరి లేడు. సున్నం నానబెట్టేది, ఇసుక జల్లించేది, గోడకు పూత పూసేది మాత్రం నేను. పొద్దున పూసిన పూత మీద సాయంత్రంలోగా రంగు పడాలి. తడి ఆరిందంటే బొమ్మ గోడలో కలిసిపోయినట్టే, తర్వాత ఉలి పెట్టి చెక్కితే తప్ప పోదు.

ఈసారి పని చావు ఊరేగింపు. ఒక్కొక్కరినీ ఒక్కో ఎముకలగూడు చెయ్యి పట్టుకుని గోతి దగ్గరికి నడిపిస్తుంది. పోప్, రాజు, షావుకారు, కుంటివాడు, అందరి ముఖాలూ యుర్కో పాత నమూనా కాగితాల్లోంచి తీసినవే. బతికున్నవాళ్ల ముఖం ఈ వరసలో వేస్తే ఆ మనిషి ఏడాది తిరక్కుండానే పోతాడని మా పనివాళ్ల పట్టింపు. ఇరవై ఏళ్లలో యుర్కో ఒక్కసారీ దాన్ని తప్పలేదు.

ఆ రోజు మిగిలింది చివరి బొమ్మ, ఉయ్యాల పక్కన నిలబడ్డ పిల్ల. ఇంట్లో మా లూచెకి మూడు రోజులుగా జ్వరం. నాలుగేళ్లది, కడుపులో నీళ్లు కూడా నిలవడం లేదు. పక్కింటి ముసలమ్మను దాని దగ్గర కూర్చోబెట్టి, యుర్కోకి రొట్టె, ఉల్లిపాయలు పట్టుకుని మధ్యాహ్నం చర్చికి వెళ్లాను. తలెత్తి గోడ వైపు చూశాను.

గోడ మీద మా లూచె ఉంది. అదే చప్పిడి ముక్కు, ఎడమ కనుబొమ్మ మీద అదే మచ్చ. దాని చేతిని ఎముకల చెయ్యి పట్టుకుని ఉంది.

నోటికొచ్చినట్టు తిట్టాను. నమూనా కాగితం ఎలుకలు కొట్టేశాయా, నీ కళ్లు పోయాయా అని అడిగాను. కాగితం ఆయన పక్కనే, సంచిలో భద్రంగా ఉంది. తాపీ అందుకుని నిచ్చెనెక్కాను. వేలు పెట్టి చూస్తే పూత అంచులు అప్పటికే గట్టిపడుతున్నాయి.

"గీకెయ్. లేకపోతే నేనే గీకేస్తా. పిల్ల ఇంట్లో మూలుగుతుంటే తీసుకెళ్లి చావు చేతిలో పెడతావా? నువ్వసలు తండ్రివేనా?"

ఆయన అడ్డు రాలేదు. కుంచె నీళ్ల ముంతలో పెట్టాడు.

"మాతె ముఖం గుర్తుందా నీకు? ఆంటన్‌ది? నాకు లేదే, ఫూమియా. ఎంత గింజుకున్నా రావట్లేదు. ఇదీ పోతే, దీన్నయినా..."

మాతె, ఆంటన్ లూచెకి ముందు పుట్టిన మా పిల్లలు. ఇద్దరినీ ఇలాంటి జ్వరమే తీసుకుపోయింది. నాకు గుర్తులేకపోవడమేమిటి అనబోయాను. కళ్లు మూసుకుని వెతుక్కున్నాను. మాతె జుట్టు గుర్తొచ్చింది, ముఖం రాలేదు. ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు.

తాపీ ఎత్తాను. లూచె ముఖాన్ని ముట్టుకోలేదు. దాన్ని పట్టుకున్న ఎముకల చేతిని మాత్రం కింది రాయి కనిపించేదాకా గీకేశాను. పాదిరి అడిగితే అక్కడ పూత ఊడిందని చెప్పమన్నాను. యుర్కో తలూపాడు.

ఇంటికి పరుగెత్తాను. లూచె చెయ్యి కాలిపోతోంది. చల్లబడలేదు, అంతే చాలనుకుని ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.