గిడ్డంగి పూసలు

ఆల్చిప్పను పూసగా మార్చడం ఓపిక ఉన్నవాళ్ల పని. చిప్ప పగలగొట్టాలి, ముక్కను సానరాయి మీద గుండ్రంగా అరగదీయాలి, బరమాతో బెజ్జం వెయ్యాలి. పొద్దస్తమానం కూర్చుంటే ఇరవై తేలతాయి. అందులో నాలుగైదు బెజ్జం దగ్గరే పుటుక్కుమంటాయి. ముప్పై ఏళ్లుగా అదే పని చేసి చేసి పూసలక్కకు నడుం వంగింది. ఆ తెల్లటి పొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది.

ఓడల దొరలు రేవులో గిడ్డంగి కట్టాక, వాళ్ల దేశపు మరల్లో తయారైన పూసలు బస్తాలకొద్దీ దిగాయి. తెల్లగా, నున్నగా, అన్నీ ఒకే అచ్చు. ఎప్పట్నుంచో పూసలక్క దగ్గర కొనే ఎగువ ఊళ్లవాళ్లు మాత్రం వాటిని నమ్మలేదు. దాంతో గిడ్డంగి గుమాస్తా పూసలక్క గుమ్మం తొక్కాడు.

"మా పూసలు నువ్వు దండలు గుచ్చి ఇవ్వక్కా. దండ చివర నీ ముడి చూస్తే కళ్లు మూసుకుని కొంటారు."

"నా ముడి నా పూసలకే," అంది పూసలక్క.

లోపల్నుంచి చెల్లెలు విసుక్కుంది. "ఆ చవక సరుకు దిగాక నీ పూసలు అంత ధర పెట్టి ఎవరు కొంటారు? మూణ్ణెల్లుగా ఒక్క దండైనా కదిలిందా? గుచ్చడానికి ఊపిరి అక్కర్లేదు కదే!"

వాదించే ఓపిక లేక పూసలక్క ఒప్పుకుంది.

ఏడాది గడిచింది. ఒకరోజు గుమాస్తా పూసలక్క ఇంట్లో దండలు లెక్కచూసుకుంటుండగా ఎగువ నుంచి పాత ఖాతా మనిషి వచ్చింది. తల నెరిసిన ఆడమనిషి, తల్లి కాలం నుంచీ ఇక్కడే కొంటోంది. దండ తీసుకుని ఒక పూసను కొరికి చూసింది.

"ఇది నువ్వు అరగదీసిందేనా అక్కా?"

గుమాస్తా కళ్లతోనే సైగ చేశాడు. పూసలక్కకు అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"కాదమ్మా. దొరల సరుకు. ముడి ఒక్కటే నాది."

"కొరకగానే తెలిసిందిలే," అంది ఆమె మెల్లగా. "అయినా రెండు దండలివ్వు. మా పిల్లలు ఇవే కావాలంటున్నారు. నీవి బరువట, ఒక్కలా ఉండవట."

తిట్టినా బాగుండేదనుకుంది పూసలక్క. రెండు దండలు తీసి చేతిలో పెట్టింది.

ఆమె వెళ్లాక గుమాస్తా తేలిగ్గా నవ్వాడు. "తెలిసే కొంటున్నారంటే, ఇక నీ ముడితో మాకు పనేముంది?"

మర్నాటి నుంచి గుచ్చడానికి పూసల బస్తా రాలేదు. చెల్లెలు గిడ్డంగిలో గోనెలు కుట్టే పనికి కుదిరింది. పూసలక్క ఎండెక్కేదాకా పడుకోవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడైనా సుఖంగా ఉందా?" అడిగింది చెల్లెలు ఒక పూట, పనికి బయల్దేరుతూ.

"ఏమోనే, ఒళ్లు పడుకుంటోంది," అంది పూసలక్క. "చేతులే ఊరుకోవడం లేదు."