ఆపరేషన్ రోజున అప్‌డేట్

“ఇంకొన్నాళ్లు ఆగితే కొంపేం మునగదుగా!” అన్నారు అత్తయ్య, నేను కూరలు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడుతుంటే. నేను ఆసుపత్రిలో చేరే ముందు రోజది. నా గర్భసంచిలో గడ్డ పెరుగుతోందనీ, రక్తం ఇలా పోతూ ఉంటే గుండెకు కూడా మంచిది కాదనీ డాక్టరమ్మ చెప్పి చాలాకాలమైంది. మొదటిసారి ఆడపడుచు పిల్లలతో సెలవులకు వచ్చిందని ఆపరేషన్ వాయిదా వేశాం. తర్వాత ఆఫీసులో సెలవివ్వలేదు. ఈసారి మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడ్డాక ఎవరినీ అడగకుండా నేనే తేదీ ఖాయం చేసుకున్నాను. “నాకంటే ముందు ఆసుపత్రికి చెప్పావన్నమాట!” అని మా ఆయన ముఖం మాడ్చుకుని తిరిగారు. అయినా వాళ్లకు కావలసినవన్నీ వండిపెట్టే బయల్దేరాను. అలవాటు, ఏం చేస్తాం.

మా కంపెనీ నడిపేది అంబులెన్సులను పిలిచే సేవ. ఎవరైనా ఫోన్‌లో నొక్కగానే దగ్గర్లో ఉన్న బండికి కబురు వెళ్లాలి. క్లౌడ్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చేటప్పుడు సేవ ఒక్క క్షణం కూడా ఆగకుండా చూడటం నా పని. పాత సర్వర్లు నడుస్తుండగానే పక్కన కొత్తవి నిలబెడతాం. వచ్చే పిలుపులను కొద్దికొద్దిగా అటు మళ్లిస్తాం. తేడా వస్తే మళ్లీ పాతవాటి మీదకే. అందుకే ఈ వారం నిలబెట్టిన కొత్తవి కుదురుకునేదాకా పాతవాటి జోలికి పోవద్దని మేనేజర్‌కు మరీమరీ చెప్పాను. అందరికీ “కంగారు పడకండి” అని చెబుతూ తను మాత్రం చెమటలు కక్కుతాడని ఆయనకు మేం పెట్టుకున్న పేరు శాంతమూర్తి. “మీరు నిశ్చింతగా వెళ్లండి మేడమ్, నేను లేనూ?” అన్నాడు.

మర్నాడు ఉదయం గౌను వేసుకుని, చేతికి సూది పెట్టించుకుని, థియేటర్‌లోకి తీసుకెళ్లే స్ట్రెచర్ కోసం చూస్తున్నాను. మా ఆయన వచ్చారు. ఎంత పంతమున్నా ఈ పూట పక్కన ఉండటానికి వచ్చారులే అనుకున్నాను. ఆయన భుజానికి నా లాప్‌టాప్ సంచి ఉంది.

“మీ మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. పాపం, ఏడ్చినంత పని చేశాడు. నీకైతే చిటికెలో పనట,” అంటూ తన ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు.

“మేడమ్, కొత్త సర్వర్లు ఒకదాని వెనక ఒకటి పడిపోతున్నాయి,” అన్నాడు శాంతమూర్తి.

“పాతవాటి మీదకు మళ్లించండి.”

“తీయించేశానండి. బాగానే నడుస్తోంది కదా, రెండూ ఎందుకని...”

మీ చావు మీరు చావండి అనాలనిపించింది. కానీ ఎక్కడో ఎవరో, తండ్రి ఛాతీ పట్టుకుని ఒరిగిపోతుంటే, ఫోన్‌ను నొక్కుతూనే ఉంటారు. ఆ మాట శాంతమూర్తికీ తెలుసు, మా ఆయనకూ తెలుసు. నేను కాదనలేనని తెలిసే ఒకరు ఫోన్ చేశారు, ఒకరు సంచి మోసుకొచ్చారు. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. కొత్త సర్వర్లు మెమరీ నిండిపోయి కూలుతున్నాయి. మరికొన్ని నిలబెట్టి, పడబోయేదాన్ని ముందే పక్కకు తప్పించి, మళ్లీ లేపుతూ, దాచి ఉంచిన నకలు నుంచి పాతవాటిని తిరిగి కట్టుకుంటూ వచ్చాను. చెయ్యి కదిలినప్పుడల్లా సూది గొట్టంలోకి రక్తం ఎగదన్నుతోంది. కింద పక్కదుప్పటి తడుస్తోంది.

“మూసెయ్యండమ్మా, లోపల పిలుస్తున్నారు,” అంది నర్సు.

“ఒక్క నిమిషం సిస్టర్, అయిపోవచ్చింది,” అన్నారు మా ఆయన, నా బదులు. ఆమె మళ్లీ వచ్చినప్పుడూ అదే మాట అన్నారు. ఆ తర్వాత స్ట్రెచర్ వచ్చి పక్క మంచం మీది ఆవిడను తీసుకెళ్లింది.

పాత సర్వర్లు లేచి పిలుపులన్నీ అటు మళ్లాక శాంతమూర్తి సందేశం పంపాడు. “అద్భుతం మేడమ్! ఒక్క పిలుపు కూడా పోలేదు. ఎవరికీ తెలియనే లేదు!”

డాక్టరమ్మకు ఇవాళ ఇక తీరిక లేదనీ, ఇంటికెళ్లి ఇంకో తేదీ తీసుకోమనీ చెప్పి ఆ నర్సు డ్యూటీ దిగి వెళ్లిపోయింది.

“పోనీలే, ఒకందుకు మంచిదే. అమ్మ ఒంటిచేత్తో చేసుకోలేదు. లే, బట్టలు మార్చుకో,” అన్నారు మా ఆయన. ఆ ముఖంలో కోపం లేదు, కుట్రా లేదు. కిక్కిరిసిన రైల్లో సీటు దొరికిన మనిషిలా హాయిగా ఉంది.

డ్యూటీకి వచ్చిన కొత్త నర్సు మంచం దగ్గరికొచ్చింది. “ఖాళీ చేస్తున్నారా?”

“లేదు సిస్టర్. ఆపరేషన్‌కు రావలసినవాళ్లు ఎవరైనా రాకపోతే ఆ వేళకు నన్ను తీసుకెళ్లండి. రేపైనా సరే, ఎల్లుండైనా సరే. నేనిక్కడే ఉంటాను.”

“పిచ్చా నీకు? ఇంట్లో ఎవరు చూస్తారు?” అన్నారాయన.

నేను లాప్‌టాప్ మూసి దూరంగా జరిపి, వెనక్కి వాలి పడుకున్నాను. నర్సు తడిసిన దుప్పటి చూసింది. ఇంకేం అడగకుండా పొడిది తెచ్చి మార్చింది.

“డాక్టరుగారితో నేను మాట్లాడతాను,” అంది. “మీతోపాటు ఎవరున్నారమ్మా?”

మా ఆయన కారు తాళాలు చేతిలో ఆడిస్తూ నా తల దగ్గరే నిలబడి ఉన్నారు.

“ఎవరూ లేరు,” అన్నాను.