పై అంతస్తులో వంటిల్లు

"పాలు పొంగించడానికి ఒక గిన్నె చాలు కదా, రెండెందుకు కొన్నావ్?"

గృహప్రవేశానికి ముందురోజు మధ్యాహ్నం మా ఆయన లక్ష్మీపతి అడిగిన ప్రశ్న ఇది. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా అడిగాడు. రెండు కాపురాలు, రెండు పొయ్యిలు. రెండు చోట్లా పాలు పొంగాలి. ఇందులో అడగడానికేముంది?

"పైన మైథిలి పొంగించుకోవద్దా?" అన్నాను.

"ఆఁ, చూద్దాంలే" అంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఆయన "చూద్దాంలే" అన్నాడంటే, ఆ పని నాకు చెప్పకుండా అప్పటికే చేసేశాడని అర్థం. తాళాలు తీసుకుని కొత్త ఇంటికి బయల్దేరాను.

ఢిల్లీ జనక్‌పురిలో ఆ ఇల్లు మా మావగారు సదాశివరావుగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా కట్టించారు. ఆయన పోయాక, అన్నదమ్ములకు చెరో అంతస్తు వచ్చేలా దాన్ని రెండిళ్ళుగా మార్పించాలనుకున్నాం. కింద మేం, పైన మరిది ఉదయ్‌కిరణ్, అతని భార్య మైథిలి. పని పూర్తయ్యేదాకా అందరం దగ్గర్లోనే ఒక అద్దె ఫ్లాట్‌లో సర్దుకున్నాం. అందరం అంటే అత్తగారితో కలిపి ఐదుగురం. వండేది మాత్రం నేనొక్కదాన్నే. "ఇల్లయ్యేదాకానే కదా ఇందూ" అన్నాడు ఈయన. ఆర్నెల్లన్న పని, చలికాలం ఊరంతా పొగ కమ్మి కట్టడాలు ఆపేయమని ఆర్డరు రావడంతో ఏడాది దాటింది. ఆ ఏడాదీ ఆఫీసుకు సెలవు పెట్టి మేస్త్రీలతో తగువు పడిందీ నేనే, సిమెంటు దుమ్ము తుడుచుకుంటూ వచ్చి రాత్రికి చపాతీలు ఒత్తిందీ నేనే. "వదిన ఉంటే సైటు ఇంజినీరు అక్కర్లేదు" అని ఉదయ్ పొగిడేవాడు, నాలుగో చపాతీ తుంచుకుంటూ. "ఆడది పొయ్యి ముట్టించకపోతే అది ఇల్లు కాదు, హోటలు" అనేది అత్తగారు సరోజినమ్మ. అన్నీ ఓర్చుకున్నానంటే ఒక్క ఆశతోనే. పైన ఇంకో వంటిల్లు తయారవుతోంది. అది అయిన రోజున నా పొయ్యి మీద నా కుటుంబానికి మాత్రమే గిన్నె ఎక్కుతుంది. ఆ వంటిల్లు గీయించింది నేను, దాని పలకలు ఎంచింది నేను. ఆఖరి నెలలో పైన చెక్కపని తను చూసుకుంటానని ఉదయ్ అంటే, పోనీలే, ఒక్క పనైనా మీద వేసుకున్నాడని మురిసిపోయాను.

పైకి వెళ్ళి తలుపు తీశాను. వంటిల్లు లేదు.

గోడకు నల్లరంగు. దాని మీద ఇంతెత్తు టీవీ. సింకు ఉండాల్సిన చోట గాజు గ్లాసుల అలమర. మధ్యలో ప్లాస్టిక్ కవర్లు తీయని రెండు పడక కుర్చీలు. సరిగ్గా రెండు. గ్యాస్ గొట్టాన్ని గోడలోనే మూసేశారు.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాను. "మేడమ్, బడే సాబ్ నే హీ బోలా థా" అన్నాడు. పెద్ద సారే చెప్పారట.

పెద్ద సారుకి చేశాను. "పైన వంటిల్లు ఏమైందండీ?"

"అరవకు. మైథిలే వద్దంది. గుర్‌గావ్‌లో ఉద్యోగం, ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చి తనెక్కడ వండుతుంది?"

"నాకూ ఉద్యోగముంది."

"నీది కరోల్ బాగే కదా, మెట్రోలో గబుక్కున వచ్చేస్తావ్. అయినా ఐదుగురికి వండి అలవాటైన చెయ్యి, ముగ్గురికి కొలత రాదు, మిగిలిపోతుంది."

ఫోన్ పెట్టేశాను. మైథిలికి మెసేజ్ పెట్టాను: ఆఫీసు నుంచి నేరుగా ఇక్కడికి రా.

సాయంత్రం ల్యాప్‌టాప్ బ్యాగుతో వచ్చింది. ఏడాదిగా దాచుకున్న కోపమంతా నోటిదాకా వచ్చింది. "నాకోమాట చెప్పాల్సింది మైథిలీ. వంటిల్లు వద్దనుకుంటే మొహం మీదే చెప్పాల్సింది."

తను బ్యాగు కింద పెట్టి నన్ను వింతగా చూసింది. "నేనా? మీరే వద్దన్నారట కదా అక్కా! వేరు కుంపటి పెడితే మీరు బాధపడతారని, అందరికీ వండిపెట్టడమే మీకు ఆనందమని ఉదయ్ చెప్పాడు."

ఇద్దరం చెరో పడక కుర్చీలో కూలబడ్డాం. ప్లాస్టిక్ కవర్లు చర్రుమన్నాయి.

"ఏడాదిగా టీ కావాలన్నా మిమ్మల్ని అడిగి తాగుతున్నాను" అంది మైథిలి. "ఓసారి రాత్రి నూడుల్స్ చేసుకుంటే, పొద్దున్న అత్తయ్య గిన్నె వాసన చూసి మరీ అడిగారు. మీరు చేసిపెడుతుంటే అది నాకు సుఖమనుకున్నారా? ముప్పై ఏళ్ళొచ్చి హాస్టల్ పిల్లలా బతుకుతున్నా."

ఇన్నాళ్ళూ తన ఎంగిలి కంచం కడిగిన ప్రతిసారీ తననే తిట్టుకున్నాను. కంచం కడగనివ్వకుండా "వదిన చూసుకుంటుంది" అని తనని లోపలికి లాక్కెళ్ళింది ఉదయ్ అని గుర్తు రాలేదు.

"గోడ పగలగొట్టిద్దామా అక్కా?"

"ఇంకో ఏడాది మేస్త్రీలతో నేను వేగలేను" అన్నాను. ఆ మాట అంటుండగానే నాకు ఇంకో దారి తోచింది. చెప్పాను. మైథిలి ముందు నోరు తెరిచింది, తర్వాత ఫోన్ తీసి సామాన్లు మోసేవాళ్ళ నంబరు వెతికింది.

మర్నాడు పొద్దున్న కింద వంటింట్లో పాలు పొంగాయి. పూజ అయ్యింది. హాలునిండా చుట్టాలు, ఆయన ఆఫీసువాళ్ళు, ఉదయ్ స్నేహితులు. ఈయన పట్టుపంచె సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఇళ్ళు రెండైనా వంట ఒక్కచోటే. కింద మేం, పైన తమ్ముడువాళ్ళు, భోజనం మాత్రం అందరికీ మా ఇంద్రజ చేతిదే."

"అన్నదమ్ములంటే ఇలా ఉండాలి" అన్నారెవరో. చప్పట్లు కొట్టారు.

"ఒక చిన్న మార్పు" అన్నాను. "పైన నేనూ మైథిలీ ఉంటాం. కింద అన్నదమ్ములిద్దరూ ఉంటారు. పొద్దున్నే మా బీరువాలు పైకి చేర్పించాం."

ఉదయ్ నవ్వాడు. "వదిన జోకులు మొదలుపెట్టారు!"

"నీ చొక్కాలు కింద గదిలో పెట్టాను ఉదయ్, చూసుకో" అంది మైథిలి.

నవ్వు ఆగింది. ఈయన నా దగ్గరికి వచ్చి పళ్ళు బిగించి అడిగాడు. "జనం ముందు ఏంటిది? పైన వంటిల్లే లేదు. ఏం తింటారు మీరిద్దరూ?"

"వంట ఒక్కచోటేనని మీరే చెప్పారుగా. ఆ పొయ్యి ఉన్న అంతస్తు మీకే ఇచ్చాం. నాకు తొమ్మిదింటికి ఆఫీసు. టిఫిను ఎనిమిదిన్నరకల్లా పైకి పంపండి."

"మాకు వంటొచ్చా?"

"నాకూ వచ్చేది కాదు, పెళ్ళయినప్పుడు."

ఆయన దిక్కుతోచక తల్లివైపు తిరిగాడు. సోఫాలో అత్తగారు ఇదంతా వింటోంది. కనకాంబరం రంగు పట్టుచీర, ఒళ్ళో తాంబూలం పళ్ళెం. ఆవిడ నోరు విప్పితే నా పని అయిపోయినట్టే. పొయ్యి గురించి, హోటలు గురించి ఇంతమందిలో కడిగేస్తుంది. నేనూ సిద్ధంగానే ఉన్నాను.

"అమ్మా, నువ్వైనా చెప్పు" అన్నాడు ఈయన.

ఆవిడ పళ్ళెం పక్కన పెట్టింది. "పైన మూడో గది ఖాళీయేనా?" అని నన్ను అడిగింది.

"ఖాళీయే అత్తయ్యా."

"నీకు మోకాళ్ళ నొప్పులు కదమ్మా" అన్నాడు ఉదయ్ కంగారుగా. "రోజూ మెట్లెలా ఎక్కి దిగుతావ్?"

"దిగడమెందుకురా?" అంది అత్తగారు లేవడానికి నా చెయ్యి అందుకుంటూ. "అన్నం పైకే వస్తుందిగా."