పెళ్ళికార్డుల ఓడ

నేను ఒక ఓడను. చేపల పడవను కాను, సరుకులు మోసే పెద్ద ఓడను. నాలుగు క్రేన్లు, అయిదు సరుకు గదులు, వెనక అంతస్తుల మేడ, దాని నెత్తిన పొగగొట్టం. పొడవు మాత్రం మూరన్నర. నన్ను అట్టతో చేశారు. అందుకని నీళ్ళంటే నాకు చచ్చేంత భయం. ఓడై పుట్టి నీళ్ళంటే భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు. గండం గడిచి కూర్చున్నదాన్ని, ఎవరు నవ్వినా నాకిప్పుడు బాధ లేదు.

నా పేరు చెప్పను. ఏ ఓడను చూసి నన్ను చేశారో దాని మీద కేసు ఇంకా నడుస్తోంది. గల్ఫ్‌లో ఒక రేవుకి దూరంగా లంగరు వేసుకుని అది తుప్పు పడుతూ ఉంది. దాని యజమాని ఒకనాడు ఫోను కట్టేసి మాయమయ్యాడు. కోర్టు ఓడను పట్టుకుంది. కాపలా లేకుండా ఓడను వదలకూడదు, కొత్త కాపలా వచ్చేదాకా సిబ్బంది దిగకూడదు అన్నారు. కొత్త కాపలా ఎవరు పెట్టాలో మాత్రం ఎవరూ అనలేదు. తాళం వేసే చెయ్యి ఎవరిదో రాసుకుని, తీసే చేతి సంగతి మరిచిపోవడం మనుషులకి అలవాటు.

అలా దిగకుండా మిగిలిపోయినవాళ్ళలో ఒకడు పరదేశి. విశాఖపట్నం వన్‌టౌన్ మనిషి, డెక్కు మీద పని. అతని భార్య సుగుణ ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. నన్ను చేసింది ఆవిడే.

సుగుణకి ఓడల సరదా ఏమీ లేదు. అక్కడ డీజిలు అడుగంటింది. జనరేటరు నడిచిన కాసేపట్లో ఎవరి ఫోను ఛార్జయితే ఆ ఫోనులో అందరూ వంతులేసుకుని ఇళ్ళకి మాట్లాడాలి. పరదేశి వంతు వచ్చినప్పుడు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. "గదుల్లో ఉడికిపోతన్నామే. మూడో హ్యాచ్ మీద పడుకుంటన్నాం" అనేవాడు. అంతలో లైను తెగేది. సుగుణ ఫోను చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయేది. మూడో హ్యాచ్ అంటే ఎక్కడ? అక్కడ నీడ ఉంటుందా? గాలి తగులుతుందా? మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే ఒక బాధ. చెప్పినా బోధపడకపోతే ఇంకో బాధ. ఆ రెండోదే సుగుణకి ఎక్కువైంది.

మంచిరోజుల్లో అతను పంపిన ఫోటోలు, వీడియోలు ఫోనులో చాలా ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని ఒక ఉదయం కత్తెర తీసింది.

అట్ట కోసం వెతకక్కర్లేకపోయింది. అత్తగారు అచ్చియ్యమ్మ మంచం కింద ఒక ట్రంకు పెట్టె ఉంది. అలాంటిది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పెళ్ళికార్డు మీద దేవుడి బొమ్మ ఉంటుంది కాబట్టి పారెయ్యడానికి చెయ్యి రాదు. పెళ్ళైనవాళ్ళు మనవల్ని ఎత్తుకుంటారు, కార్డు మాత్రం నాలుగు మూలలా పసుపుతో కొత్తదానిలా పెట్టెలో పడుంటుంది.

"దేముళ్ళ మీద కత్తెర ఎట్టకు" అంది అచ్చియ్యమ్మ పెట్టె ముందుకి తోస్తూ. "బొమ్మ వొదిలీసి రాత కత్తిరించుకో. పెళ్ళయిపోనాక రాతతో పనేటి?"

అలా నా ఒళ్ళంతా ఎవరెవరి పెళ్ళిళ్ళో. నా గోడల్లో పెళ్ళికొడుకుల పేర్లు, నేలలో పెళ్ళికూతుళ్ళ పేర్లు రంగు కింద దాక్కున్నాయి. దేవుళ్ళను మాత్రం నిలువెత్తున లోపల అడ్డగోడలుగా నిలబెట్టింది. నా ఇంజను గదిలో ముగ్గురు వినాయకులున్నారు.

మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి జిగురు చేసింది. చీపురుపుల్లకి అట్ట చుట్టి, ఆరాక పుల్ల లాగేస్తే క్రేను చెయ్యి తయారైంది. గంజి పెట్టిన దారం రెయిలింగు అయింది. సరుకు గదుల మూతలకి లైనింగు గుడ్డ పీలికలు మడతబందులు. గోటితో ఎత్తితే తెరుచుకుంటాయి. అంతా బాగానే సాగి నా ముక్కు దగ్గర ఆగిపోయింది. ఓడ ముందుభాగం అటూ ఇటూ వంపు తిరుగుతూ కిందికి సన్నబడుతుంది. అట్ట వంచితే ముడత పడింది, లాగితే చిరిగింది. రెండు పెళ్ళిళ్ళు పాడయ్యాయి. మూడో కార్డు చేతిలో పట్టుకుని సుగుణ మిషను మీదున్న జాకెట్టు వైపు చాలాసేపు చూసింది. చదునైన గుడ్డ ఒంటికి అమరడానికి టక్కులు వేస్తారు కదా, అలా అట్టకి టక్కులు కోసి, అంచులు కలిపి లోపలినుంచి అతికించింది. నా ముక్కు చక్కగా వంపు తిరిగింది. జాకెట్టు కొలతల్లో పుట్టిన ముక్కుతో ప్రపంచంలో ఇంకో ఓడ ఉంటే నాకు చెప్పండి.

చివరగా ఎర్రతల గుండుసూది ఒకటి తెచ్చి నా మూడో హ్యాచ్, అంటే మూడో సరుకు గది మూత మీద గుచ్చింది. అది పరదేశి.

అప్పట్నుంచి ఫోను రాగానే ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే. "మావా, ఇప్పుడు ఎక్కడున్నావ్?" తిన్నావా అన్నది ఆ తర్వాతే.

"వంటగది ఎనకాల, తలుపు కాడ."

"ఏ పక్క తలుపు?"

"ఎడమ పక్క. గుండ్రం కిటికీ ఉంటాది దానికి. ఏటే, ఓడ గాని కొనీసే ఆలోచనుందేటి?"

"బేరం కుదిరితే కొంటాను. కిటికీ ఎంతుంటుందో చెప్పు."

లైను తెగాక నా వెనకవైపు తలుపు కోసి, కిటికీ పెట్టి, గుండుసూదిని అక్కడికి మార్చేది. నా సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. గుండుసూది ఏమిటో అత్తకీ చెప్పలేదు. కొన్ని పిచ్చిపనులు చెబితే చెడిపోతాయని మనుషుల నమ్మకం.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. గుండుసూది ఆ తలుపు దగ్గరే నిలబడిపోయింది. సుగుణ మిషను తొక్కుతూనే ఉంది, కుట్టు వంకరపోతే విప్పుతూనే ఉంది. అచ్చియ్యమ్మ గడపలో కూర్చుని నన్నే చూసేది. చూసి చూసి ఆవిడకొక సంగతి తోచింది.

"కదలని ఓడని ఇంట్లో ఎట్టుకుని కూకున్నామే. ఇది కదలకపోతే అక్కడ అదేలాగ కదుల్తాది?"

"అత్తా, ఇది అట్ట."

"అట్టయితే ఏటి? లోపల దేముళ్ళున్నారు. దేముడి కార్డులు ఎప్పటికైనా గంగలో కలపాల్సినవే. సంద్రంలో వొదిలీమ్మీ. ఇది కదిలితే ఆడి ఓడా కదుల్తాది."

"ఓడ జోలికి రాకు" అంది సుగుణ. అంత గట్టిగా అత్తతో ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు.

అచ్చియ్యమ్మ మారు మాట్లాడలేదు. మాట్లాడని ముసలమ్మలు ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు. సుగుణ లైనింగు గుడ్డలకని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళిన ఒక పూట, అత్తగారు నన్ను కొత్త తువ్వాల్లో చుట్టి ఆటో ఎక్కింది. ఆటో ఎటు పోతోందో గాలి వాసన బట్టి తెలిసిపోయింది. ఉప్పు. నా జిగురంతా గుండెలోకి వచ్చినట్టయింది.

జాలారిపేట అచ్చియ్యమ్మ పుట్టిల్లు. ఒడ్డున ఆవిడకి తమ్ముడి వరసైన ఎల్లాజీ వల బాగుచేసుకుంటున్నాడు. తువ్వాలు విప్పి చూసి వల పక్కన పెట్టేశాడు.

"ఎంత బాగున్నాదప్పా. దీన్ని నీట్లో ఎయ్యడమేటి, ములిగిపోతాది."

"ములగనీ. దేముళ్ళు గదా, ములగాల."

"దేముళ్ళు ములిగితే మంచిదే. ఓడ ములిగితే మంచిదేటి?"

అచ్చియ్యమ్మ ఆ సంగతి ఆలోచించలేదు. కానీ ఒకసారి బయల్దేరాక వెనక్కి తిరగడం ఆవిడ వంశంలో లేదు. చీర మోకాళ్ళదాకా ఎత్తి కెరటాల్లోకి దిగింది. రెండు చేతులమీదా నేను. నా కింద తెల్లటి నురగ. ఒక కెరటం లేచి నా అడుగుని తాకింది. చల్లదనం కార్డుల మధ్యకి పాకింది. ఎవరి పెళ్ళి తేదీయో మెత్తబడుతోంది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అత్తా, ఆగు."

మార్కెట్ నుంచి తిరిగొచ్చి, ఖాళీ బల్ల చూసి, పక్కింటివాళ్ళు చెప్పిన దారిన వచ్చింది సుగుణ. చేతిలో లైనింగు గుడ్డల సంచి అలాగే ఉంది. సంచితో సహా నీళ్ళలోకి దిగింది. ఏడవలేదు, అరవలేదు.

"మావ ఇందులో ఉన్నాడు" అంది. వేలితో గుండుసూదిని చూపించింది. "ఫోను చేసినప్పుడల్లా ఎక్కడున్నాడో అడిగి ఇది అక్కడ పెడుతున్నాను. ఆఖరిసారి ఈ తలుపు దగ్గర ఉన్నాడు."

అచ్చియ్యమ్మ సూదిని చూడ్డానికి వంగింది. నేను ఒక పక్కకి ఒరిగాను.

"అలాగైతే సూది తీసీమ్మా మరి" అన్నాడు ఎల్లాజీ ఒడ్డునుంచి, తేలిగ్గా.

"తీసి ఎక్కడ పెట్టను?" అంది సుగుణ. "ఆయన దిగలేదు కదా."

కెరటం వచ్చింది, వెనక్కి పోయింది. అచ్చియ్యమ్మ నన్ను చేతుల మీంచి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. చిన్నప్పుడు చేపల గంప మోసిన తల అది. గుడ్డ చుట్ట లేకుండానే నేను కదలకుండా కుదురుకున్నాను.

"పడవ తియ్యరా ఎల్లాజీ."

"ఎక్కడికప్పా?"

"ఎక్కడికో ఒక దగ్గిరికి. నీట్లో ఎయ్యను, నీటి మీద తిప్పుతాను. కదిలితే సాలు గదా."

ఎల్లాజీ సుగుణ వైపు చూశాడు. సుగుణ సంచి పడవలో పడేసి ఎక్కింది.

పడవ కెరటాలను దాటుతూ ఎగిరెగిరి పడింది. ఇద్దరాడవాళ్ళూ తడిసి ముద్దయ్యారు. నా మీద మాత్రం తుంపర పడకుండా సుగుణ లైనింగు గుడ్డ మొత్తం విప్పి కప్పింది. కెరటాలు దాటాక నీళ్ళు నున్నగా ఉన్నాయి. దూరంగా రేవులో చోటు కోసం పెద్ద ఓడలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాని దగ్గరిదాకా పోయి ఎల్లాజీ పడవ తిప్పాడు. పడవ మీద ముసలమ్మ, ముసలమ్మ నెత్తిన ఓడ. డెక్కు మీంచి ఎవరో నావికుడు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"అమ్మా, నా వొంతు కదిపీసినాను" అంది అచ్చియ్యమ్మ సముద్రంతో. "ఇంక నీ వొంతు."

మరునాడే కబురు వచ్చిందని చెబితే కథ రక్తికట్టేది. రాలేదు. ఆ వారమూ రాలేదు. నా అడుగు ఆరి, చిన్న ఉబ్బు మిగిలింది. సుగుణ దెప్పలేదు గాని, అచ్చియ్యమ్మే అడగకుండా సమాధానం చెప్పేది: "ఓడంటే బస్సేటి? తిరగడానికి టైము పడతాది."

అసలు సంగతి నాకు తెలుసు. ఓడ కార్మికుల సంఘం వాళ్ళు పట్టు వదలకుండా కోర్టు చుట్టూ తిరిగారు. చివరికి కొత్త కాపలా పెట్టించి, సిబ్బందిని దించే ఉత్తర్వు తెచ్చారు. కానీ అచ్చియ్యమ్మ లెక్కలో ఆ సంఘాన్ని కదిపింది సముద్రం, సముద్రాన్ని కదిపింది నేను. ఆవిడ మాట కాదనడానికి నాకు నోరు లేదు. ఉన్నా అనను.

ఒకరోజు మిషను చప్పుడు మధ్య ఫోను మోగింది. కొత్త నంబరు.

"మావా, ఎక్కడున్నావ్?"

"ఎయిర్‌పోర్టులో."

సుగుణ నా వైపు చూసింది. నాలో ఎయిర్‌పోర్టు లేదు. ఆవిడ మెల్లగా గుండుసూది తీసి తన జాకెట్టు భుజానికి గుచ్చుకుంది. తర్వాత నేల మీద కూలబడింది. గోడ అవతలినుంచి అచ్చియ్యమ్మ "ఏటయిందమ్మీ" అని రెండుసార్లు అడిగినా జవాబు చెప్పలేకపోయింది. ఆ ఏడుపు అన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో నాకు తెలియదు. నా గదులన్నీ నాకు తెలుసు, వాటిలో మాత్రం లేదు.

పరదేశి వచ్చాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. గుమ్మంలో దిష్టి తీశారు, అన్నం పెట్టారు. అచ్చియ్యమ్మ గొప్పగా నన్ను తెచ్చి ముందు పెట్టింది. అతను తినే ముద్ద ఆపేశాడు.

"దాన్ని అటు తిప్పీమ్మా" అన్నాడు నెమ్మదిగా.

సుగుణ నన్ను గోడవైపు తిప్పింది. నొచ్చుకోలేదని చెప్పను. కానీ ఆలోచిస్తే అతని మాటా నిజమే. వీళ్ళకి నేను మనిషి ఉన్న చోటు, అతనికి మనిషిని పట్టి ఉంచిన చోటు. చాలారోజులు గోడ సున్నం చూస్తూ ఉన్నాను. అతను తిన్నాడు, పడుకున్నాడు, బజారుకి వెళ్ళాడు. ఒళ్ళు నిండింది. ఒక మధ్యాహ్నం సుగుణ కాజాలు కుడుతుండగా, నా వెనక అడుగులు ఆగాయి. రెండు చేతులు నన్ను ఎత్తాయి.

గుండ్రం కిటికీ తలుపు చూశాడు. హ్యాచ్ మూత గోటితో ఎత్తాడు, మూశాడు. "ఈ తలుపు కాడే కూకునేవోణ్ణి" అన్నాడు. "అన్నీ కరెక్టుగా ఎట్టీసేవే." నన్ను పక్కకి తిప్పి చూసి, "నిచ్చెనేదీ?" అన్నాడు.

"ఏ నిచ్చెన?"

"దిగే నిచ్చెన. పక్కన ఏలాడతా ఉంటాది."

"నువ్వెప్పుడూ చెప్పలేదు మావా."

"ఏటి సెప్పను. ఎత్తీసి కట్టీసేరు. అటేపు ఎల్లి ఏటి సేస్తాను."

సుగుణ కుట్టు ఆపింది. అతను ట్రంకు పెట్టె లాగి, పైనున్న కార్డు తీసి, దేవుణ్ణి వదిలేసి, మెట్లు మెట్లుగా కత్తిరించడం మొదలుపెట్టాడు. జాకెట్లు కుట్టే చెయ్యి కాదు అతనిది. మెట్లు ఒకటి లావు, ఒకటి సన్నం వచ్చాయి. సుగుణ సరిచెయ్యబోయి ఊరుకుంది. జిగురు మాత్రం కలిపి ఇచ్చింది.

"ఎలా పెట్టను, ఎత్తా దించా?" అని అడిగింది.

"దించీ" అన్నాడు పరదేశి. "అందరం దిగిపోనాం."

ఇప్పుడు నేను ముందుగదిలో, మిషను పక్కన, వీధివైపు ముఖం పెట్టి ఉన్నాను. కొలతలిచ్చేందుకు వచ్చినవాళ్ళు చూసి, ఇంత పెద్ద ఓడలో ఒక్క మనిషి బొమ్మైనా పెట్టలేదేమిటని అడుగుతుంటారు. సుగుణ నవ్వి ఊరుకుంటుంది. ఓడ ఖాళీగా ఉంటే నష్టమని ఓడల యజమానులు అంటారు. నా సంగతి వేరు. నా డెక్కు మీద ఎవరూ లేరు, వంటగది వెనక ఎవరూ లేరు, మూడో హ్యాచ్ మీద ఎవరూ పడుకోలేదు. వంకరటింకర నిచ్చెన ఒకటి బల్లని ఆనుకుని దిగి ఉంది. లోపలి దేవుళ్ళూ నేనూ, మా పని అయిపోయినవాళ్ళలాగా, నిశ్చింతగా కూర్చున్నాం.