పేరు చెప్పని గొంతు

పొద్దున్నే లేచి, నీళ్ల ట్యాంకరు వచ్చేలోపు బిందెలు వరుసలో పెట్టి రావడం, వచ్చి సంగటికి ఎసరు పెట్టడం, మొగుడు గిరి తిని ఆటో తీసుకుని పోయాక మిషను ముందు కూర్చోవడం. సరళకు రోజు ఇట్లా మొదలవుతుంది. రాయదుర్గం నుంచి కత్తిరించిన జీన్సు గుడ్డ మూటలుగా వస్తుంది. వాళ్ల ఊరు ఎర్రమిట్టలో ఆడవాళ్లు ఇంటింటా దాన్ని కుడతారు. ఒకరు కాళ్లు, ఒకరు నడుము పట్టీ. సరళ వంతు జేబులు. పొద్దుకూకేదాకా జేబులు కుట్టాక, వాటిలో ఎవరు ఏం పెట్టుకుంటారో అని ఆలోచించే ఓపిక కూడా మిగలదు.

అయినా ఆమె కథలు రాస్తుంది. ఎందుకంటే ఏం చెప్పగలం. కొందరు గోళ్లు కొరుక్కుంటారు, ఈమె రాస్తుంది. ఫోన్లో ఒక కథల యాప్ ఉంది. మూడేళ్లుగా అందులో ‘మంద వెనక’ అనే సీరియల్ నడుపుతోంది. చౌడేశ్వరి అనే గొర్రెల కాపరి మేత వెతుక్కుంటూ ఊరు విడిచి నడిచే కథ అది. మధ్యాహ్నం మిషను ఆపి, నేరుగా యాప్‌లోనే టైపు చేసి, కళ్లు మూసుకుని బటన్ నొక్కేస్తుంది. చదివేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకరు సరళే.

యాప్ కంపెనీలో రచయితల బాగోగులు చూసే చైతన్య అనే ఉద్యోగి హైదరాబాదు నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. మంచివాడే. ఈ ఎండాకాలం మొదట్లో మాత్రం మంచి కబురు చెప్పలేదు.

"చదివేవాళ్లు లేని సీరియల్స్ తీసేస్తున్నాం మేడమ్. నెలాఖరు దాకా టైముంది. మీరు కొంచెం ప్రచారం చేసుకోవాలి. స్టేటస్ పెట్టండి, గ్రూపుల్లో లింకు వేయండి, లైవ్‌లో చదవండి. మన గురించి మనం చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు మేడమ్?"

"ఊఁ" అంది సరళ.

స్టేటస్ పెట్టింది. అది ఎవరికి కనపడకూడదో మనమే ఎంచుకోవచ్చని తెలిసి, తెలిసినవాళ్లందర్నీ ఎంచుకుంది. చివరికి దాన్ని చూడగలిగినవాళ్లు ఇద్దరే మిగిలారు. గ్యాస్ సిలిండర్ తెచ్చే ఆయన, చదువురాని వాళ్లమ్మ. పొదుపు సంఘం గ్రూపులో లింకు వేసి, వెంటనే తీసేసింది. పక్కింటి హేమావతి గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం మే సరళా, గ్రూపులో ఏమో పెట్టి తీసేస్తివే?"

"తప్పుగా పడిందిలే అక్కా."

లైవ్ సంగతి చెప్పుకోకపోవడమే మేలు. ఫోన్‌ను బిందెకు ఆనించి నిలబెట్టి, తెర మీద తన ముఖం తనకే కనపడగానే ఆపేసి, చెమట తుడుచుకుని, పోయి జేబులు కుట్టుకుంది. ముఖం కనపడకుండా చెప్పే దారి ఉంటే బాగుండు అనుకుంది. అప్పుడు బోరు గుర్తొచ్చింది.

ఆ ప్రాంతంలో నీళ్ల కోసం వేసి, నీళ్లు పడక వదిలేసిన బోర్లు చేనుకు ఒకటైనా ఉంటాయి. అడుగున నీళ్లు పారాల్సిన దారులన్నీ ఖాళీ కాబట్టి, ఒక ఎండు బోరులో మాట్లాడితే మిగతా ఎండు బోర్లన్నిటిలో వినిపిస్తుంది. సిగ్నలు అందని చేలల్లో జనానికి అదే ఫోను. "కుందుర్పి మండలం ఎర్రమిట్ట నుంచి కుళ్లాయప్ప మాట్లాడతాండా, మా నల్ల పొట్టేలు తప్పిపోయినాది, చూసినోళ్లు చెప్పండప్పా" అని ఇక్కడ అరిస్తే, ఎక్కడో ధర్మవరం అవతలి నుంచి జవాబు వస్తుంది. దానికో మర్యాద ఉంది. ముందు మండలం, ఊరు, పేరు చెప్పుకోవాలి. పేరు చెప్పని గొంతు వినపడితే అది పోయినవాళ్లదని లెక్క. పోయినవాళ్లకు జవాబు ఇవ్వకూడదు. ఒక చెంబు నీళ్లు పోసి, చెప్పేది విని, ఊరుకోవాలి.

సరళ వాళ్ల చేనులో గిరి వేయించిన బోరు ఒకటి అట్లాగే ఎండిపోయి ఉంది. మధ్యాహ్నం ఎండకు చేలల్లో ఎవరూ ఉండరు. ఆమె బోరు మీది రాయి పక్కకు జరిపి, కేసింగు పైపు దగ్గర కూర్చుని, నోరు తెరిచింది. "కుందుర్పి మండలం" వరకు వచ్చింది. ఆ తర్వాత గొంతు పట్టుకుపోయింది. సరే, పేరు చివర్లో చెబుదాంలే అనుకుని, ఇంట్లోనే ఫోన్లో తెరిచి తెచ్చుకున్న మొదటి భాగం చదివింది. చదువుతున్నప్పుడు గొంతు బాగానే ఉంది. చివరకు వచ్చి, ‘ఇది ఫలానా యాప్‌లో ఉంది, రాసింది నేను’ అనాల్సిన చోట మళ్లీ పట్టుకుపోయింది. రాయి మళ్లీ బోరు మీద పెట్టి ఇంటికొచ్చేసింది. రేపు చెబుదాం అనుకుంది.

ఆ రేపు రోజూ వస్తూనే ఉంది. భాగం తర్వాత భాగం చదివింది. పేరు మాత్రం బయటికి రాలేదు.

ఒకరోజు హేమావతి కుట్టిన నడుము పట్టీలు తెచ్చి పడేస్తూ చెప్పింది.

"పామిడిలో మా చెల్లెలు చెప్పింది మే. ఎవరో పోయినామె బోర్లో కథ చెప్తాండాదంట. గొర్లామె కథంట. ఆడ జనం బోరు చుట్టూ సాపలు పరుసుకోని కూర్చుంటాండారంట. కొబ్బరికాయలు కొట్టి, చెంబుతో నీళ్లు పోస్తాండారంట."

"నీళ్లా?" సరళ మిషను ఆపింది. "తాగేకే లేవు గదక్కా."

"పోయినోళ్లకు దప్పిక కాదా? పాపం, ఎప్పుడు పోయినాదో ఏమో. చిన్న వయసులోనే అంటాండారు."

సరళకు నవ్వు రావాల్సింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడేళ్లు బతికుండి రాస్తే పలకరించినవాళ్లు లేరు. చచ్చిందనుకోగానే సాపలు పరుచుకుని కూర్చుంటున్నారు. యాప్ తెరిచి చూసింది. చదివేవాళ్లు పెరగలేదు, పెరిగేందుకు దారి లేదు కూడా. చచ్చినామె సీరియల్ ఏ యాప్‌లో ఉంటుందని ఎవరు వెతుకుతారు?

గిరి ఆ గొంతును గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఒక సాయంత్రం ఆటోలో రేకు ముక్క తెచ్చి, బోరుకు మూతగా బిగించి వచ్చాడు. "ఆ రాయి బరువు. నీ నడుము పడిపోతాది" అన్నాడు. అంతకు మించి అడగలేదు. ఆ మనిషి మాటలు ఖర్చు పెట్టడు.

నెలాఖరు దగ్గరపడింది. ఎండ తగ్గలేదు, ట్యాంకరు ఒకరోజు వస్తే రెండ్రోజులు రావడం లేదు. సరళకు అన్నిటి మీదా విసుగొచ్చింది. సీరియల్ పోతే పోనీ, ఈ రోజూ గొంతు పట్టుకుపోయే బాధ తప్పుతుంది అనిపించింది. బోరులో పాత భాగాలన్నీ అప్పటికే అయిపోయాయి. కూర్చుని చివరి భాగం రాసేసింది. మేత దొరకక చౌడేశ్వరి గొర్లన్నిటినీ అమ్మేస్తుంది. ఎండిన వంక ఒడ్డున తుమ్మచెట్టు కింద పడుకుంటుంది. ఇక లేవదు. అంతే. రాసింది, బటన్ నొక్కింది, పోయి బోరులో చదివింది. చదివి, మూత వేయబోయింది.

బోరులోంచి గొంతు వచ్చింది.

"నల్లమాడ మండలం కొత్తమిద్దె నుంచి గంగక్క మాట్లాడతాండా."

సరళ మూత పక్కన పెట్టి పైపు మీదికి వంగింది.

"పోయినోళ్లకు జవాబు చెప్పకూడదంటారు. నాకింక ఏమైతే ఏంలే తల్లీ. నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నెవన్నీ గొర్లే. మేత లేక మొన్న అమ్మేస్తి. మొన్నట్నుంచి ఈ బోరు కాడనే పండుకోనుండా. లేసేకి మనసు రాలేదు. నీ కథ అయ్యేదాకా చూద్దాం, చౌడేశ్వరి లేస్తే నేనూ లేస్తా అనుకుంటి. ఆయమ్మ లేయలేదంటివి. పోయినదానివి, నీకు తెలిసే చెప్పింటావు. సరే తల్లీ. నేనూ లేయను."

ఆ గొంతులో ఏడుపు లేదు. రోజంతా పని చేసి వచ్చిన మనిషి చెప్పులు విప్పి పక్కన పెట్టినట్టు ఉంది.  ఆ అలసట సరళకు తెలుసు. తన అలసటనే తుమ్మచెట్టు కింద పెట్టి చేతులు దులుపుకుంది, అది పోయి నల్లమాడలో ఒక మనిషి మీద పడింది.

"అక్కా" అంది పైపులోకి. "అది నేను ఊరికే రాసినా."

"పోయినోళ్లు ఊరికే రాస్తారా?"

"నేను పోయినదాన్ని కాదు."

"అయితే పేరు చెప్పు."

సరళ చుట్టూ చూసింది. ఎర్రటి నేల, దూరంగా గాలిమరలు, ఎవరూ లేరు. కానీ బోరు చుట్టూ ఎవరూ లేకపోవడం అంటే ఏమీ కాదని ఆమెకు తెలుసు. పామిడిలో సాపల మీద కూర్చున్నవాళ్లు, ఇంకా ఎన్ని ఊళ్లలో ఎంతమందో, అందరూ వింటున్నారు. గొంతు పట్టుకుపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"చూస్తివా" అంది గంగక్క, నిష్ఠూరం లేకుండా. "పోతా తల్లీ."

"కుందుర్పి మండలం!" అని అరిచింది సరళ. "ఎర్రమిట్ట! ఆటో గిరి పెండ్లాన్ని! సరళ నా పేరు! జీన్సు ప్యాంట్లకు జేబులు కుడతా! కథ నేనే రాసినా, ఎవరూ చెప్పలేదు, నేనే, నా తలకాయలోంచి రాసినా!"

 ఒక మగ గొంతు గొణిగింది. "పామిడి నుంచి సుంకప్ప మాట్లాడతాండా. అయితే మేం కొట్టిన కొబ్బరికాయలన్నీ దండగేనా?"

"నువ్వుండప్పా సుంకప్పా" అని కసిరింది గంగక్క. "ఏం సరళా, బతికుండేదానివి అట్ల ఏమిటికి రాసినావు?"

"అలుపొచ్చిందక్కా."

"నాకూ అదే గదా." అవతల కొంచెం ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "బతికుంటే ఇంకా రాయొచ్చు గదా. ఆయమ్మను లేపు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను పండుకోనే ఉండా."

సరళ ఫోన్ వైపు చూసింది. అందులో తర్వాతి మాట ఏమీ లేదు. ఎండకు నెత్తి మాడుతోంది. ఏదో ఒకటి చెప్పాలి. దేవుడు కనపడ్డాడనో, వాన పడిందనో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నల్లమాడలో వాన లేదని గంగక్కకే బాగా తెలుసు.

"చౌడేశ్వరి పండుకోని ఉండాది" అంది. "చానాసేపు పండుకోనుండాది. తర్వాత... ఆకలేసింది."

"ఆకలా?"

"ఊఁ. మనసు లేయొద్దంటే కడుపు ఊరుకోదు గదా. మూటలో సంగటి ముద్ద ఉండాది. దాంట్లోకి ఊరిబిండి. లేసి కూర్చొని తిన్నాది."



"మా ఇంట్లో ఊరిబిండి ఉండాది" అంది గంగక్క నెమ్మదిగా. "చెనక్కాయలు వేయించి నూరింది."

"అయితే పో అక్కా. పోయి తిను. తిని మళ్లా వచ్చి చెప్పు. నువ్వొచ్చేదాకా నేను ఈడనే ఉంటా."

సరళ కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. బోరులో గాలి తప్ప ఏమీ లేదు. పామిడి సుంకప్ప కూడా నోరెత్తలేదు. ఎండ కాళ్ల మీదికి వచ్చింది, కాళ్లు ముడుచుకుంది. గంగక్క లేవలేదేమో అనుకుంది. లేచి ఇంటి దాకా పోలేకపోయిందేమో అనుకుంది. ఇన్నేళ్లలో ఎవరైనా తన కథ చదివారా అని ఫోన్ చూసుకున్నప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు.

"నల్లమాడ నుంచి గంగక్క" అంది బోరు. "తిన్నా. ఉప్పు ఎక్కువైంది."

ఇంకేవో బోర్లలోంచి ఎవరెవరో నవ్వారు. సరళ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ గొడవలో యాప్ పేరు చెప్పడం మరిచిపోయింది. నెల అయిపోయింది. చైతన్య ఫోన్ చేసి, నిజంగానే బాధపడుతూ, "సారీ మేడమ్, రీడర్లు పెరగలేదు. పైవాళ్లు తీసేశారు. మీ దగ్గర కాపీ ఉంది కదా?" అన్నాడు. సరళ దగ్గర లేదు. అంతా యాప్‌లోనే రాసింది, అక్కడే పోయింది. మూడేళ్ల మధ్యాహ్నాలు. "పర్వాలేదు సార్" అని ఫోన్ పెట్టేసి, ఆ రోజు జేబులన్నీ వంకరగా కుట్టింది.

ఆ వారంలోనే, మిట్టమధ్యాహ్నం కుందుర్పి బస్సు దిగి ఒకామె గిరి ఆటో ఎక్కింది. పొడుగ్గా, ఎండకు నల్లబడి, చేతిలో మూటతో ఉంది. "బోరు సరళమ్మ ఇంటికి" అంది. గిరి తెచ్చి ఇంటి ముందు దింపాడు. సరళ ఆమెను చూడగానే తలుపు వెనక్కి పోయింది. వచ్చినామె లోపలికొచ్చి, తలుపు వెనక ఉన్న చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది.

"అబ్బా!"

"బతికే ఉండాది" అంది గంగక్క గిరితో. ఆ మాట ఖాయం చేసుకోడానికే అంత దూరం వచ్చినట్టుంది. మూట విప్పి ఊరిబిండి డబ్బా అక్కడ పెట్టింది. సరళ సిగ్గుపడుతూ, నేల చూస్తూ, సీరియల్ మొత్తం పోయిందని చెప్పింది.

"యాడికి పోతాది?" గంగక్క మిషను పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. "మొదటి దినం నుంచి విన్నా నేను. చెప్తా, నువ్వు రాసుకో. చౌడేశ్వరిది నల్లమాడ పక్క ఊరు. చిన్నప్పుడు పొట్టేలు పొడిచి ఒక కాలు కుంటుతాది."

చౌడేశ్వరిది నల్లమాడ కాదు. ఆమెకు రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి. సరళ దిద్దబోయి ఆగిపోయింది. కుంటికాలుతో అంత దూరం నడిచిందా చౌడేశ్వరి అని ఆశ్చర్యం వేసింది. ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. గంగక్క చెప్పుకుంటూ పోయింది, మంద ఊరు దాటింది, మొదటి వంక వచ్చింది. అక్కడ గంగక్క దమ్ము తీసుకోడానికి ఆగి నీళ్లు తాగింది.

"తర్వాత?" అంది సరళ.